కొంగ కాలి కింద సంతకం

పాలేటి విశ్వవిద్యాలయంలో మాటలు ఎత్తుకురావడానికి ఎన్నడూ ఏ అడ్డూ లేదు. ఒకరి సిద్ధాంత గ్రంథంలోంచి ఇంకొకరు, ఆ ఇంకొకరి దాంట్లోంచి మరొకరు ఎత్తి రాసుకుంటూ నలభై ఏళ్లుగా జ్ఞానాన్ని వృద్ధి చేస్తూనే ఉన్నారు. ఆ ఊపులో ఒకాయన కృతజ్ఞతల పేజీని కూడా వదలకుండా ఎత్తేసి, తన విజయాన్ని ఇంకొకాయన భార్యకు అంకితం ఇచ్చాడు. అప్పుడు కూడా ఎవరూ నోరెత్తలేదు. గొడవంతా టమాటా దగ్గర వచ్చింది.

వృక్షశాస్త్రంలో ఒక పెద్దమనిషి తన పుస్తకం అట్ట మీదికి ఇంటర్నెట్‌లోంచి నిగనిగలాడే టమాటా ఫొటో ఒకటి తీసి వేసుకున్నాడు. ఆ టమాటా విదేశంలో ఎవరో ఫొటో కంపెనీ వాళ్లదట. వాళ్ల వకీలు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పాలేటి విశ్వవిద్యాలయానికి విదేశం నుంచి ఉత్తరం రావడం అదే మొదలు. వైస్ ఛాన్సలర్ గారు ముందు సన్మానమేమో అనుకుని కొత్త కోటు కూడా తొడుక్కున్నారు. చదివించుకున్నాక కోటంతా చెమటతో తడిసిపోయింది. "మన జిల్లాలో టమాటాలు పండవటయ్యా? సంతకెళ్లి ఒకటి తెచ్చి ఫొటో తీసుకుంటే సరిపోయేదిగా!" అన్నారట. ఆ కుర్చీలో కూర్చున్నన్నాళ్లూ ఆయన అన్న తెలివైన మాట అదొక్కటే. దాన్ని ఎవరూ చెవిన పెట్టలేదు. వారం తిరక్కుండా 'చిత్ర అనుమతుల విభాగం' పుట్టుకొచ్చింది.

దానికి డైరెక్టరుగా ఆచార్య పరాంకుశం గారిని వేశారు. ఆయనది రాజనీతి శాస్త్రం. బుద్ధెరిగాక ఒక బొమ్మకేసి చూసిన పాపాన పోలేదు గనక నిష్పక్షపాతంగా ఉంటాడని వాళ్ల నమ్మకం. ఆయన వచ్చీ రాగానే పదకొండు పేజీల సర్క్యులర్ ఒకటి వదిలాడు. ఎక్కడో ఒక పశువైద్య కళాశాల వాళ్లు తమ అవసరానికి రాసుకున్న నిబంధనలను పొల్లుపోకుండా ఎత్తి, పైన మన పేరు పెట్టాడు. కాపీ చెయ్యకూడదని చెప్పే కాగితాన్నయినా కాపీ చెయ్యకుండా రాద్దామన్న ఆలోచన ఆ భవనంలో ఒక్కరికీ రాలేదు. అందుకే ఆరో పేజీలో ఇలా ఉంది: "చిత్రమునందలి జీవి యొక్క ఆరోగ్య ధ్రువపత్రమును విధిగా జతపరచవలెను."

ఈ సర్క్యులర్ ఎవరి నెత్తిన పడిందయ్యా అంటే, బత్తుల ఎస్తేరు నెత్తిన పడింది.

ఎస్తేరు చరిత్ర శాఖలో ఏడేళ్లుగా పరిశోధన చేస్తోంది. పొద్దున ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పడం, మధ్యాహ్నం నుంచి ఎండలో వీధులు కొలవడం. ఊళ్లో చేత్తో రాసిన దుకాణాల బోర్డులే ఆమె పరిశోధన. ఆ బోర్డులన్నీ దాదాపు ఒక్క చేతి మీదుగా వచ్చినవే. షేక్ కాశింవలి, డెబ్బయ్ ఎనిమిదేళ్ల మనిషి, బస్టాండు వెనక 'కాశిం ఆర్ట్స్'. సెలూను తలుపు మీద క్రాఫు దువ్వుకునే కుర్రాడు, డెయిరీ గోడ మీద ఠీవిగా నిలబడ్డ గేదె, చికెన్ సెంటర్ మీద తన చావు తనకు తెలియని కోడి, అన్నీ ఆయనవే. ఫ్లెక్సీలు వచ్చి ఆ బోర్డుల్ని ఒక్కొక్కటే దించేశాయి. ఎస్తేరు ముప్పై ఆరింటికి ఫొటోలు తీస్తే, వాటిలో ఇంకా గోడల మీద ఉన్నవి నాలుగే. మిగతావి ఆమె గ్రంథంలో తప్ప భూమ్మీద ఎక్కడా లేవు.

జూన్ ముప్పై సాయంత్రం ఐదింటికి ఆమె గడువు ముగుస్తుంది. ఆలోగా గ్రంథం సమర్పించకపోతే రిజిస్ట్రేషన్ రద్దు, ఏడేళ్ల కష్టం గంగపాలు. గ్రంథం మే మొదటి వారంలో పూర్తయింది. సర్క్యులర్ మే రెండో వారంలో వచ్చింది.

"సార్, ఈ బోర్డులన్నీ కాశిం బాబాయ్ రాసినవే. వేసుకోమని ఆయన నోటితో చెప్పాడు" అంది ఎస్తేరు, పరాంకుశం గారి బల్ల ముందు నిలబడి.

"చెప్పుట వేరు, అనుమతించుట వేరు. బోర్డు రాసిన వ్యక్తి ఒక హక్కుదారు. రాయించుకున్న దుకాణదారు రెండవ హక్కుదారు. గోడ యజమాని మూడవ హక్కుదారు. ఛాయాచిత్రము తీసిన వారు నాల్గవ హక్కుదారు. నలుగురి నుండియు సి-7 నమూనాలో అనుమతి రావలెను."

"ఫొటోలు నేనే తీశాను సార్."

"అయినచో మీరు మీకు అనుమతి ఇచ్చుకొనవలెను."

"ఇచ్చుకున్నాను సార్. ఇదిగో, ఇప్పుడే."

"ముఖతః చెల్లదు. మీకు మీరు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు చేసుకుని, అందినట్లు రసీదు పొంది, ఆలోచించుకొనుటకు పదిహేను రోజుల వ్యవధి ఇచ్చి, తదుపరి సమాధానము పంపుకొనవలెను."

"నా ఫొటోకి నేను పదిహేను రోజులు ఆలోచించాలా సార్?"

"మీపై మీరు ఒత్తిడి తెచ్చుట నిబంధనలకు విరుద్ధము" అన్నాడు పరాంకుశం గారు గంభీరంగా.

ఏం చేస్తుంది పాపం, పంపుకుంది. పోస్ట్‌మాన్ కవరు అటూ ఇటూ తిప్పి చూసి, "పంపిందీ మీరే, పుచ్చుకునేదీ మీరే. ఇంట్లోనే మాట్లాడుకోకూడదామ్మా?" అన్నాడు. ఎస్తేరు సిగ్గుతో చచ్చిపోతూ సంతకం పెట్టి తీసుకుంది. ఆ పదిహేను రోజులూ కాళ్లరిగేలా ఊరంతా తిరిగింది. దుకాణం మూసేసిన వాళ్లని, గోడ అమ్మేసిన వాళ్లని, గోడ కొన్నామని తెలియని వాళ్లని వెతికి పట్టుకుని సంతకాలు పెట్టించింది.

అన్నిటికంటే తేలిగ్గా అయిపోతుందనుకున్నది కాశిం సంతకం. ఆయన ముప్పై ఆరు ఫారాలూ నేల మీద పరిచి, కుంచె తీసి, ఒక్కోదాని మీద తన పేరు రాశాడు. 'కా' దీర్ఘాన్ని కొమ్మలా పొడుగ్గా లాగి దాని మీద చిన్న చిలకను కూర్చోబెట్టడం ఆయన యాభై ఏళ్ల అలవాటు.

"పెన్నుతో పెట్టరాదా బాబాయ్?"

"పెన్నుతో నా పేరు నాకే గుర్తురాదమ్మాయ్. బ్యాంకోళ్లు కూడా చిలక లేకపోతే దొంగ సంతకం అంటారు."

పరాంకుశం గారు ఆ ఫారాలను చాలాసేపు చూశాడు. "ఇది సంతకము కాదు. చిత్రము."

"ఆయన సంతకమే అది సార్. బ్యాంకులో కూడా ఇదే."

"కావచ్చును. కానీ దీనియందు పక్షి కలదు. పక్షి కలదు గనుక చిత్రము. చిత్రము గనుక దీనికి విడిగా సి-7 అవసరము."

"ఆ సి-7 మీద కూడా ఆయన ఇలాగే పెడతాడు కదా సార్?"

"అప్పుడు దానికి మరొకటి."

"మరి దాని మీద..."

"విభాగము వద్ద ఫారములకు కొరత లేదు" అని ఆయన భరోసా ఇచ్చాడు. అంతటితో ఆగాడా? పక్షి సహిత సంతకములను ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకములుగా పరిగణింపరాదని ఆ సాయంత్రమే ఒక మెమో జారీ చేశాడు. పైగా చిలకకు ఆరోగ్య ధ్రువపత్రం ఏదీ అని అడిగాడు.

అప్పుడు గానీ ఎస్తేరు ఆరో పేజీ సరిగ్గా చదవలేదు. ముప్పై ఆరు బోర్డుల్లో పదకొండింటి మీద జంతువులున్నాయి. పశువుల ఆసుపత్రికి వెళ్లి, తల దించుకుని, విషయం చెప్పింది. పశువైద్యాధికారి మంచివాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని చికెన్ సెంటర్ కోడి ఫొటోకి ఇలా రాసిచ్చాడు: "పైన పేర్కొన్న కోడిని పరీక్షించితిని. జ్వరము లేదు. చలనము లేదు. రంగు బాగున్నది."

పరాంకుశం గారు నవ్వలేదు. ఆయనకు ఆ అలవాటు లేదు. "చలనము లేదని రాశారు. చలనము లేని జీవి మృత జీవి. మృత జీవులకు సి-9."

అంతే, ఎస్తేరుకు ఎక్కడో తెగింది. మే పోయింది, జూన్ పదో తారీఖు వచ్చింది, చేతిలో ఉన్నది చచ్చిన కోడి సర్టిఫికెట్టు. బల్ల మీదున్న సర్క్యులర్ లాక్కుని, దాని నెత్తిన ఉన్న విశ్వవిద్యాలయ చిహ్నం మీద వేలు పెట్టింది. తెరిచిన పుస్తకం మీద ఒంటికాలితో నిలబడ్డ కొంగ.

"మరి దీనికి ఎవరి అనుమతి తీసుకున్నారు సార్?"

"అది విశ్వవిద్యాలయ చిహ్నము. స్థాపన నుండి ఉన్నది."

"ఎవరో ఒకరు గీస్తేనే కదా ఉంది! కొంగ కాలి వేళ్లు చూడండి సార్. భూతద్దం పెట్టుకుని చూడండి!"

ఆ సంగతి కాశిం ఆమెకు ఎప్పుడో చెప్పాడు. విశ్వవిద్యాలయం పెట్టిన ఏడాది గేటు మీది బోర్డూ, ఈ కొంగా ఆయనతోనే గీయించారు. కింద పేరు రాయబోతే అప్పటి రిజిస్ట్రారు, "చదువుల తల్లి గుడి మీద నీ పేరేంటయ్యా, తుడిచెయ్" అన్నాడట. కాశిం తుడిచేశాడు. తుడిచేసి, ఎవరికీ కనపడకుండా కొంగ కాలి వేళ్ల గీతల్లో 'కాశిం' అని కలిపేశాడు. నలభై ఏళ్లుగా ప్రతి పట్టా మీదా, ప్రతి మార్కుల జాబితా మీదా ఆ పేరు కొంగ కాలి కింద నలుగుతూనే ఉంది. ఒక్క ఆచార్యుడూ వంగి చూడలేదు.

పరాంకుశం గారు భూతద్దంలోంచి చూశాడు. మొహం పాలిపోయింది. ఆయన మూర్ఖుడే గానీ, ఒకరికో న్యాయం ఇంకొకరికో న్యాయం చేసే రకం కాదు. అదే వచ్చింది చిక్కు. మధ్యాహ్నం మూడింటికల్లా ఉత్తర్వు వెలువడింది: "అనుమతి లేని కారణముచే కొంగను తక్షణము నిలుపుదల చేయడమైనది." గేటు మీది కొంగకు తెల్ల సున్నం కొట్టేశారు. కాగితాల మీద కొంగ ఉండే చోట ఖాళీ పెట్టె మిగిలింది.

అనుమతి కోసం కాశిం దగ్గరికి సి-7 వెళ్లింది. ముసలాయన మురిసిపోయాడు. నలభై ఏళ్లకు విశ్వవిద్యాలయం తన పేరు అడిగింది కదా అని, చొక్కా మార్చుకుని కూర్చుని, మంచి ఎరుపు కలిపి సంతకం పెట్టాడు. చిలక కూడా ఎప్పటికంటే అందంగా కుదిరింది. పరాంకుశం గారు తన మెమో తానే చదువుకుని, ఫారాన్ని తిరస్కరించాడు.

జూన్ ఇరవై ఆరున పెద్దల సభ జరిగింది. చిహ్నం లేకుండా పట్టాలు ఎలా ఇవ్వాలి? కొత్తది గీయిద్దామంటే గీసినవాడు సంతకం ఎలా పెడతాడో ఏమోనని భయం. రెండు గంటలు తర్జనభర్జన పడ్డాక ఎవరో, "ఆ ఖాళీ పెట్టే ఉంచేద్దాం సార్, శుభ్రంగా ఉంది" అన్నారు. వైస్ ఛాన్సలర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఖాళీ పెట్టె అంటే ఏమిటి? అనంతమైన విజ్ఞానానికి చోటు! నిండిన దానిలో ఏం పడుతుంది? తత్వశాస్త్ర శాఖాధిపతి అప్పటికప్పుడు మూడు శ్లోకాలు చెప్పాడు. ఖాళీ పెట్టెను విశ్వవిద్యాలయ చిహ్నంగా ఏకగ్రీవంగా తీర్మానించారు. పరాంకుశం గారు దాని మీద సర్వహక్కులూ విశ్వవిద్యాలయానివేనని రాయించి, సంబంధిత కార్యాలయానికి దరఖాస్తు కూడా పంపించాడు.

ఇవతల ఎస్తేరు పరిస్థితి ఇది. గైడు గారు ఆమెను పక్కకు పిలిచి, "అమ్మా ఎస్తేరూ, నీకు కావలసింది పట్టా, బొమ్మలు కాదు. ఫొటోలు తీసేసి ఖాళీలు వదిలెయ్యమ్మా. నాకూ మనశ్శాంతి" అన్నాడు. ఆ రోజు ఆమె ఏడ్చింది. బొమ్మలు లేకుండా బోర్డుల చరిత్రేమిటి? ఏడ్చి, మొహం కడుక్కుని, ముప్పై ఆరు ఫొటోలూ తీసేసింది. ముప్పై ఆరు ఖాళీ పెట్టెలు, వాటి కింద పేర్లు. 'బొమ్మ 14: డెయిరీ గేదె.' పైన ఏమీ లేదు. ఆ ఏడాది పర్యావరణం పేరు చెప్పి ఒక్క ప్రతి చాలన్నారు గనక, ఒక్కటే అచ్చు వేయించి ఇరవై ఎనిమిదిన తీసుకెళ్లింది.

పరాంకుశం గారు పేజీలు తిప్పాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ తిప్పాడు. "ఏమమ్మా, విశ్వవిద్యాలయ చిహ్నమును ముప్పై ఆరు పర్యాయములు అనుమతి లేకుండా ముద్రించితిరే! ఎంత సాహసము!"

ఎస్తేరు గ్రంథం చంకలో పెట్టుకుని తిన్నగా బస్టాండు వెనక్కి నడిచింది. కాశిం దుకాణంలో స్టూలు మీద కూలబడి, జరిగిందంతా చెప్పి, "అయిపోయింది బాబాయ్. ఎల్లుండి సాయంత్రంతో అంతా అయిపోతుంది. ఏడేళ్లు నిన్ను కూడా విసిగించాను" అంది.

కాశిం గ్రంథం తెరిచి ఖాళీ పెట్టెలు చూస్తూ కూర్చున్నాడు. "ఇంతకీ ఆ కాగితంలో ఏం రాశారమ్మాయ్? ఓసారి చదువు."

ఆమె సర్క్యులర్ చదివింది. చిత్రముల నకళ్లను ముద్రించుట, నకళ్లను జతపరచుట, నకళ్లను ప్రదర్శించుట. పదకొండు పేజీల్లోనూ నకలు, నకలు, నకలు.

"నకలుకి కదా వాళ్ల గోల?" అన్నాడు కాశిం. "నా జన్మలో నేను నకలు గీయలేదు. పది చికెన్ సెంటర్లకి పది కోళ్లు గీశాను, ఒకదాని మొహం ఇంకోదానికి లేదు. ఇటు తే ఆ పుస్తకం. పెట్టెలు నింపితే వాళ్ల గుర్తూ ఉండదు, పాడూ ఉండదు."

"ముప్పై ఆరు బాబాయ్! ఒక కన్ను ఆపరేషనయింది నీకు."

"రెండో కన్ను ఉంది కదా. నువ్వు పేర్లు చదువు చాలు."

ఆ రెండు పగళ్లూ ఎస్తేరు పేర్లు చదివింది, కాశిం గీశాడు. ఫొటో చూడలేదు. గోడ మీంచి ఎప్పుడో పోయిన గేదె కొమ్ముల వంపుతో సహా వచ్చి పేజీ మీద నిలబడింది. సెలూను కుర్రాడికి ఈసారి క్రాఫు కొంచెం పల్చబడింది. "వాడికీ వయసొచ్చి ఉంటుంది" అన్నాడు కాశిం.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం నాలుగున్నరకు గ్రంథం పరాంకుశం గారి బల్ల మీద ఉంది. ఆయన వేలితో రంగు తాకి చూశాడు.

"ఇవి దేనికి నకళ్లు?"

"దేనికీ కాదు సార్. ఈ పేజీల మీదే పుట్టాయి. ఇవే అసలు."

ఆయన సర్క్యులర్ మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. చివరి నుంచి మొదటిదాకా తిరగేశాడు. పాపం, ఆ విశ్వవిద్యాలయానికి అసలు అనేది ఎన్నడూ వచ్చి ఉండలేదు. వస్తే ఏం చెయ్యాలో ఎక్కడా రాసి లేదు.

"అసలును స్వీకరించుటకు నిబంధన లేదు" అన్నాడు చివరికి. "దీనికి గెజిటెడ్ అధికారి ధ్రువీకరించిన నకలు తీసుకురండి."

"నకలు తెస్తే సి-7 అడుగుతారు కదా సార్?"

"నిశ్చయముగా."

గడియారం ఐదుకు ఏడు నిమిషాలు తక్కువ చూపిస్తోంది. అప్పుడు మూలనున్న బల్ల దగ్గర్నుంచి సీనియర్ అసిస్టెంట్ సీతారత్నం గారు లేచింది. ఇంకో రెండు నెలల్లో రిటైరయ్యే మనిషి. టిఫిన్ క్యారియర్ సంచిలో సర్దుకుని, ముద్ర చేతిలోకి తీసుకుని, నడుచుకుంటూ వచ్చి గ్రంథం మీద టప్పున కొట్టింది. రసీదు చింపి ఎస్తేరు చేతిలో పెట్టింది.

"ఏమిటిది సీతారత్నం గారూ!" అన్నాడు పరాంకుశం గారు.

"ఐదులోపు బల్ల మీదికొచ్చిన దానికి అందినట్టు ముద్ర వెయ్యాలి సార్. ముప్పై నాలుగేళ్ల నుంచి వేస్తున్నాను. అసలో నకలో చూసి వెయ్యమని నాకెవరూ చెప్పలేదు. వస్తా, బస్సు పోతుంది."

అలా ఎస్తేరు బయటపడింది. పరీక్షకులు వచ్చి, బొమ్మలు చూసి, తిరిగి ఇవ్వడానికి మనసొప్పక ఇచ్చి, పట్టాకు సిఫారసు చేశారు. గ్రంథాన్ని లైబ్రరీలో ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. అసలు గనక ముట్టరాదని, చూడదలచిన వారు సి-7 ఇవ్వవలెనని చీటీ అంటించారు. కాశిం ఒకసారి వెళ్లి ఫారం నింపాడు. చిలక కారణంగా తిరస్కరించారు. తన బొమ్మలు తాను చూసుకోవడానికి వీల్లేకుండా పోయింది ఆయనకు.

పట్టా వచ్చిన రోజు ఎస్తేరు దాన్ని దుకాణానికి తీసుకెళ్లింది. కాశిం వెలుగులో పెట్టి చూశాడు. ఆమె పేరు ఉంది, శాఖ పేరు ఉంది, పైన మధ్యలో ఖాళీ పెట్టె ఉంది.

"ఇదేంటమ్మాయ్, ఇక్కడ ఏదో రాలిపోయినట్టుంది."

"రాలిపోలేదు బాబాయ్. తీసేశారు. నువ్వు గియ్యి."

"పట్టా చెల్లదంటారేమో."

"చెల్లకపోతే ఇంకో నకలు అడుగుతాను. నకళ్లకేం, వాళ్ల దగ్గర బోలెడు."

ఆయన నవ్వి కుంచె తడిపాడు. పుస్తకం వచ్చింది, దాని మీద ఒంటికాలి కొంగ వచ్చింది. నలభై ఏళ్ల కిందటిలాగే కుంచె మొన కొంగ కాలి వేళ్ల దగ్గరికి దిగింది. ఎస్తేరు ఆయన మణికట్టు పట్టుకుంది.

"అక్కడ కాదు బాబాయ్. పక్కన. బోర్డు మీద రాసినట్టు పెద్దగా రాయి."

కాశిం ఆమె మొహంలోకి చూశాడు. చేతి వెనక భాగంతో కళ్లు తుడుచుకుని, కుంచె మళ్లీ ముంచి, పెట్టె దాటి బయటికొచ్చేంత పెద్దగా తన పేరు రాశాడు. 'కా' దీర్ఘం కొమ్మలా సాగింది. కొంగ పక్కన చిలక కూర్చుంది.